ఆర్కమ్ అసైలమ్ (1989) సగంలో ఆగిపోయింది – దీన్ని అసలు ఎలా చదవాలి?

సగంచదివినోడు:

గ్రాంట్ మారిసన్ రచన, డేవ్ మెకీన్ బొమ్మలు, అమెరికన్ కామిక్స్ సంస్థ డీసీ వాళ్లు 1989లో వేసిన ‘ఆర్కమ్ అసైలమ్: ఎ సీరియస్ హౌస్ ఆన్ సీరియస్ ఎర్త్’ గురించి. బ్యాట్‌మన్ కథే కదా అని మొదలుపెడితే సగానికి వచ్చేసరికి బుర్ర తిరిగిపోయింది. ఎవరిని అడిగినా ఒకరు కళాఖండం అంటారు, ఇంకొకరు చెత్త అంటారు. మధ్యలో మనిషి దొరకడు.

నాకు తెగనివి ఇవి. జోకర్ మాటలు సగం చదవడానికే రావట్లేదు, ఎర్ర గీకుళ్లు తప్ప ఏమీ కనపడదు. ఫోన్‌లో చదువుతున్నా. ఉన్నట్టుండి అమేడియస్ అనే ఆయన డైరీ మొదలవుతుంది, మళ్లీ ఉన్నట్టుండి బ్యాట్‌మన్ వస్తాడు. ఏది ఎప్పటిదో పట్టు దొరకదు. బ్యాట్‌మన్ ఎవరితోనూ సరిగ్గా తలపడడు, పైగా గాజుముక్కతో తన చెయ్యి తనే పొడుచుకుంటాడు. ఎందుకు? దీనికి ముందు వేరే బ్యాట్‌మన్ పుస్తకాలు చదివి ఉండాలా? ఇదే పేరుతో 2009లో వచ్చిన వీడియో గేమ్ ఆడాను, ఆ కథ ఇందులో ఎక్కడా తగల్లేదు.

ముగింపు చెప్పేసినా పర్లేదు, కానివ్వండి.


పాతకామిక్స్‌పెట్టె:

ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి సార్. మీ కష్టాల్లో సగం అక్కడివే.

ఈ పుస్తకంలో గళ్లు మామూలు కామిక్స్‌లోలా నలుచదరంగా ఉండవు. చాలా చోట్ల పేజీ పై అంచు నుంచి కింది అంచు దాకా సన్నగా, నిలువుగా, ఓరగా తీసిన తలుపు సందులోంచి చూస్తున్నట్టు ఉంటాయి. ఫోన్‌లో ఒక్కో గడీ విడిగా చూపించే పద్ధతి పెట్టుకుంటే ఆ నిలువు గడి తెర మధ్యలో చీపురుపుల్లలా మిగులుతుంది, పక్క గడితో దానికున్న లంకె తెగిపోతుంది. ఆ పద్ధతి ఆపేసి పేజీ మొత్తం కనపడేలా పెట్టుకోండి. పది అంగుళాల ట్యాబ్ ఉంటే చాలు. అంతకంటే చిన్న తెర అయితే ప్రతి పేజీ రెండుసార్లు చూడాలి: ఒకసారి మొత్తంగా, ఇంకోసారి పెద్దది చేసుకుని అక్షరాల కోసం. రాత్రిళ్లు కంటికి హాయిగా ఉంటుందని తెరను పసుప్పచ్చగా మార్చే సెట్టింగ్ ఉంటుంది చూడండి, అది తీసేయండి. మెకీన్ వాడిన నేపథ్యాలు ఎక్కువగా గోధుమ, బూడిద, తుప్పు రంగులు. తెర పసుపెక్కితే వాటికీ జోకర్ ఎరుపుకీ తేడా పోతుంది. నలుపు తెలుపు కిండిల్ జోలికి అసలే వెళ్లొద్దు. అందులో ఎరుపు ముదురు బూడిదగా మారి చీకటి నేపథ్యంలో కలిసిపోతుంది. జోకర్ మూగవాడైపోతాడు.

అచ్చు పుస్తకానికీ ఒక చిక్కుంది. నున్నటి కాగితం, నల్లటి పేజీలు. నెత్తిమీద ట్యూబ్‌లైట్ ఉంటే పేజీలో బొమ్మ బదులు మీ ముఖమే కనిపిస్తుంది. వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోవాలి.

ఇక అక్షరాలు. అవి రాసింది గాస్పర్ సలడీనో. ఆయన ఇక్కడ చేసిన పని పట్టుకుంటే పుస్తకం తాళం సగం తీసినట్టే. బ్యాట్‌మన్ మాటలు నల్ల బెలూన్‌లో తెల్ల అక్షరాలు. ఆ నలుపుకి గట్టి అంచు ఉంటుంది, లోపలిది బయటికి పొక్కదు. జోకర్‌కి బెలూనే లేదు. ఎర్రసిరా ఒలికినట్టు, గోటితో గీరినట్టు, పేజీలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పాకుతాడు. అది గొప్ప చూపించుకోవడానికి చేసింది కాదు. జోకర్‌కి స్థిరమైన ‘నేను’ అనేది లేదనీ, ఏ రోజుకారోజు తనని తాను కొత్తగా తయారుచేసుకుంటాడనీ కథలో డాక్టర్ రూత్ ఆడమ్స్ బ్యాట్‌మన్‌కి చెబుతుంది. అంచులేని మనిషికి అంచులేని అక్షరం. మొదటిసారి చదివేటప్పుడు జోకర్ మాటలు పైకి చదవండి, కంటికి అందనివి నోటికి అందుతాయి. ఒకటీ అరా పోయినా కంగారుపడొద్దు, కథ నడిపే మాటలు మిగతావాళ్లే అంటారు.

రెండు కాలాల సంగతి ఇదీ. ఒకటి ఇప్పటిది: ఏప్రిల్ 1. ఆర్కమ్ అంటే మతి చెడిన నేరస్థులను ఉంచే ఆసుపత్రి, అక్కడి ఖైదీలు దాన్ని చేజిక్కించుకున్నారు. బ్యాట్‌మన్ లోపలికి వస్తేనే బందీలను వదులుతామన్నారు. ఇది ఒకే ఒక్క రాత్రి. రెండోది అమేడియస్ ఆర్కమ్ డైరీ: 1900ల తొలి ఏళ్లలో చిన్నపిల్లాడిగా మొదలై, 1920లలో తన సొంత ఇంటినే పిచ్చాసుపత్రిగా మార్చిన వైద్యుడి కథ. రెండూ జరిగేది ఆ ఒక్క ఇంట్లోనే. ఎక్కడ కాలం మారినా ముందు ‘ఇది ఏ గది’ అని చూసుకోండి, ‘ఇది ఏ సంవత్సరం’ అన్నది తర్వాత. అమేడియస్ పుట్టగొడుగులు తిని మత్తులో ఆ ఇంట్లో ఒక ‘డ్రాగన్’ వెంట పడతాడు. గడి మార్చి గడిలో బ్యాట్‌మన్ అదే ఇంట్లో కిల్లర్ క్రాక్ అనే మొసలి మనిషితో పెనుగులాడతాడు. కాలాలు రెండు, పోట్లాట ఒకటే. అది ఒక్కటి తెలిస్తే మిగతా అతుకులన్నీ కనపడతాయి.

చేతిలో అచ్చు ప్రతి ఉంటే ఒక పని చేయండి. డైరీ మొదలైన ప్రతిచోటా చిన్న కాగితం ముక్క పెట్టుకుంటూ వెళ్లండి. మొదటి చదువు ఆపకుండా, గుర్తులూ సంకేతాలూ వెతక్కుండా, ఒకే కూర్చోడంలో. గంట, గంటన్నర పడుతుంది. రెండోసారి కాగితాలు పెట్టిన పేజీలే వరసగా. అప్పుడు అమేడియస్ కథ శుభ్రంగా మొదలూ చివరా ఉన్న భయానక కథలా నిలబడుతుంది. మూడోసారి మళ్లీ మొత్తం. చాలామంది మొదటిసారే టారో ముక్కలు (జోస్యానికి వాడే పేక), చేపలు, చంద్రుడు అన్నిటికీ అర్థం గూగుల్ చేస్తూ చదువుతారు, ముప్పై పేజీలకే ఊపిరాడక వదిలేస్తారు.

ముందు చదవాల్సినవేం లేవు. బ్యాట్‌మన్ తల్లిదండ్రులను చిన్నప్పుడే వాడి కళ్లముందు కాల్చి చంపారని, టూ-ఫేస్ అంటే ఒక వైపు గీతలు పడ్డ నాణెం ఎగరేసి ఏ నిర్ణయమైనా తీసుకునే మాజీ లాయరని తెలిస్తే సరిపోతుంది. ఆర్కమ్ అనే ఆసుపత్రి బ్యాట్‌మన్ 258వ సంచికలో, 1974లో, డెన్నిస్ ఓనీల్ కథలో మొదటిసారి వచ్చింది. అమేడియస్ చరిత్రను 1985లో డీసీ పాత్రల పరిచయ సంచికలో లెన్ వీన్ క్లుప్తంగా రాశారు. మారిసన్ ఆ నాలుగు ముక్కల్నే పట్టుకుని పుస్తకం అల్లారు. 2009 గేమ్ ఈ పుస్తకం పేరు, ఇల్లు, అమేడియస్ నీడ తీసుకుంది, అంతవరకే. దాని కథ పాల్ డీని విడిగా రాసింది. అందుకే మీకు తగల్లేదు.


సిరామరక:

గాజుముక్క ప్రశ్నకి జవాబు దానికి కొన్ని పేజీల ముందున్న రెండు పరీక్షల్లో ఉంది. అవి రెండూ నిజంగా ఉన్న పరీక్షలే, కాబట్టి కాస్త వివరంగా.

మొదటిది సిరా మరకల పరీక్ష. స్విస్ మనోవైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో అచ్చువేసిన పది కార్డులు. ఐదు నలుపు-బూడిద, రెంటిలో ఎరుపు కలుస్తుంది, చివరి మూడూ రంగులవి. ఇందులో మరక జోకర్‌కీ చూపిస్తారు, బ్యాట్‌మన్‌కీ చూపిస్తారు. జోకర్ దండకం చదివినట్టు అదీ ఇదీ అని గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. బ్యాట్‌మన్‌కి కనపడేది గబ్బిలం, మనకూ అదే చూపిస్తారు. ఏం కనిపిస్తోందంటే మాత్రం ఏమీ లేదంటాడు. ఇక్కడ పాఠకులు సాధారణంగా ‘ఆహా, వీడికి అంతా గబ్బిలమే’ అని నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. అసలు కిటుకు వేరే ఉంది. ఆ పది కార్డుల్లో ఐదోదాన్ని చూసి అతి మామూలు మనుషులు ఎక్కువగా చెప్పే జవాబులే గబ్బిలం, సీతాకోకచిలుక. అంటే అతనికి కనపడింది జబ్బు గుర్తు కానే కాదు, నూటికి ఎక్కువమందికి కనపడేదే. దాన్ని దాచడమే జబ్బు. పరీక్ష చేసేవాళ్ల దృష్టిలో కూడా ‘ఏమీ లేదు’ అనడం చిన్న విషయం కాదు.

రెండోది మాటకు మాట పరీక్ష. ఒక మాట అనగానే తోచిన మొదటి మాట చెప్పాలి. మరో స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1900లలో జ్యూరిక్ బుర్గ్‌హెల్జ్‌లీ ఆసుపత్రిలో స్టాప్‌వాచ్ పట్టుకుని చేసిన పరీక్ష ఇది. ఎక్కడ జవాబు ఆలస్యమైతే అక్కడ లోపల ముడి ఉన్నట్టు. అమేడియస్ ఐరోపా వెళ్లి యూంగ్‌ని కలిసినట్టు డైరీలో వస్తుంది కదా, అది ఊరికే పేరు వాడుకోవడం కాదు, ఈ సన్నివేశానికి పునాది.

ఆడమ్స్ ‘తల్లి’ అంటుంది. బ్యాట్‌మన్ ‘ముత్యం’ అంటాడు. ఇంగ్లిష్‌లో తుపాకి పిడికి ముత్యపుచిప్ప తాపడం చేస్తారు, దానికి ‘పెర్ల్ హ్యాండిల్’ అని ఒక స్థిరమైన మాట ఉంది. కాబట్టి ఆడమ్స్ నాలుకకి వెంటనే ‘పిడి’ తడుతుంది, దానికి అతను ‘రివాల్వర్’ అంటాడు. ఆమె ‘తుపాకి’ అంటే ‘తండ్రి’, ‘తండ్రి’ అంటే ‘చావు’, ‘ముగింపు’ అంటే ‘ఆపు’. పది మాటల్లో సినిమా హాలు పక్క సందులో జరిగిన హత్య మొత్తం అయిపోయింది: తెగిన తల్లి ముత్యాల దండ, తుపాకి, తండ్రి, చావు. ఆఖరి ‘ఆపు’ జవాబూ కావచ్చు, ప్రాధేయపడటమూ కావచ్చు. తెలుగులో ముత్యానికీ పిడికీ ఆ జత లేదు కాబట్టి మనవాళ్లు ఈ గొలుసు తేలిగ్గా దాటిపోతారు. ఇంగ్లిష్ పేజీ మీద వేలు పెట్టి ఒక్కో మాటా చదవండి.

ఇప్పుడు మొదటి పేజీలకు వెళ్లండి. ఫోన్‌లో జోకర్ బెదిరించే అమ్మాయి వంటగదిలో కొత్తగా చేరింది, వయసు పంతొమ్మిది, పేరు పెర్ల్. అంటే ముత్యమే. ఆమె బొమ్మలేస్తుందనీ, ఇప్పుడే తనకో ఇల్లు గీసిపెట్టిందనీ చెప్పి, అదే పెన్సిల్ చెక్కి కంటి దగ్గర పెడతాడు. బ్యాట్‌మన్ పరుగున వస్తే చివరికి ఏప్రిల్ ఫూల్. అతణ్ణి ఆ ఇంట్లోకి లాగింది ఆ పేరే. ఆ అమ్మాయి గీసింది ఇల్లు అని కూడా మర్చిపోవద్దు.

ఈ పరీక్షలతో తెరుచుకున్న సందులోంచి అతను బయటపడలేకపోతున్నాడు. గాజుముక్క అరచేతిలో దిగేది ఆ జ్ఞాపకం నడుస్తుండగానే. నొప్పి పెట్టుకుంటే ఇప్పటి ఒంటిలోకి తిరిగి రాగలడు. అరచేతిలో గాయం, తర్వాత మైకేల్ దేవదూత విగ్రహం చేతిలోని ఈటె లాక్కుంటే అది తన పక్కలోనే దిగడం – శిలువ మీది గాయాలను మారిసన్ ఎక్కడెక్కడ అతికించారో ఇక మీరే చూసుకోండి.


నిక్కచ్చి:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. కానీ ఇదంతా చెప్పాకే పుస్తకం బాగుంటుంది, చెప్పకముందు బాగోదు. నా ఫిర్యాదు అదే.

ఒకటి, మెకీన్ బొమ్మలు గోడకు తగిలించుకోవడానికి బ్రహ్మాండం. రంగులు, ఫొటోలు, అతికించిన గుడ్డలూ వస్తువులూ, ఒక్కో పేజీ ఒక్కో పెయింటింగ్. కామిక్స్‌లో మాత్రం మనిషి ఒక గడి నుంచి ఇంకో గడికి కదలాలి. మెట్ల సన్నివేశం చూడండి. చక్రాల కుర్చీలో ఉన్న డాక్టర్ డెస్టినీ అనే విలన్‌ని బ్యాట్‌మన్ కిందికి తోసేస్తాడు. ఏం జరిగిందో అర్థం కావాలంటే రెండుసార్లు చూడాలి. అర్థమయ్యాక ‘వీడు హీరోనా’ అనిపిస్తుంది. అది ఉద్దేశపూర్వకమే అంటారు, సరే. ఉద్దేశం ఉన్నంత మాత్రాన చేసింది బాగున్నట్టు కాదు కదా. మెకీన్ ఆ తర్వాత 1990లో మొదలుపెట్టిన ‘కేజెస్’ అనే కామిక్‌లో ఎక్కువ భాగం పెన్ను గీతలకు మళ్లారు. ఆ గీతలు చూశాక ఇక్కడి రంగుల బరువు ఇంకా బాగా తెలుస్తుంది.

రెండు, చివర్లో ఆ ఆసుపత్రిని నడిపే డాక్టర్ కావెండిష్ పెళ్లి గౌను తొడుక్కుని, చేతిలో క్షౌరకత్తితో ఆడమ్స్ గొంతు పట్టుకుని, మిస్టరీ మొత్తాన్ని నాలుగు పేజీల్లో ఉపన్యాసంగా చెప్పేస్తాడు. అమేడియస్ డైరీ తను చదివాడట, ఈ ఇంటిని ఆడిస్తున్న గబ్బిలం బ్యాట్‌మనేనట, అందుకే ఖైదీలను వదిలాడట. అంతసేపూ కలలా నడిపి చివర్లో డిటెక్టివ్ నవల్లా విప్పడం అతకలేదు.

మూడు, జబ్బుమనుషులందరినీ దయ్యాల కొలువులా నిలబెట్టడం. నవ్వుకోసమో భయంకోసమో వాడిన రోగాలవి. అందులో చరిత్ర కూడా తప్పే: అమేడియస్ తన భార్యనీ కూతుర్నీ చంపిన మ్యాడ్ డాగ్ హాకిన్స్‌కి వైద్యం చేస్తున్నట్టు నమ్మించి కరెంటు షాక్ మంచానికి కట్టి కాల్చేస్తాడు. ఇది జరిగేది 1920ల మొదట్లో. రోగికి కరెంటు షాక్ ఇచ్చే వైద్యాన్ని చెర్లెట్టి, బీనీ అనే ఇటలీ వైద్యులు రోమ్‌లో మొదలుపెట్టింది 1938లో. పదిహేనేళ్లు ముందే ఆ మంచం ఎక్కణ్ణుంచి వచ్చింది?


సిరామరక:

షాక్ మంచం మాట ఒప్పుకుంటా. కరెంటుతో కండరాలకు, నరాలకు చికిత్స చేసే యంత్రాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఉన్నాయి గానీ, పుస్తకం వాడిన పేరు మాత్రం 1938 తర్వాతి వైద్యానిదే. రోగుల చిత్రణ మీద మీ మూడో మాట కూడా న్యాయమే. ఇందులోని ఆసుపత్రిని ఆసుపత్రిగా చూస్తే ఒక్క పేజీ నిలబడదు. అది ఒక తలకాయ. ఖైదీల్లో ఒకడైన మ్యాడ్ హ్యాటర్ ఆ మాట దాదాపు సూటిగానే అంటాడు: ఈ ఇల్లు ఎవరి తలో, బహుశా నీదేనేమో అని బ్యాట్‌మన్‌తో. నిజమైన జబ్బుల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లకి ఈ పుస్తకం చేతికివ్వకూడదు.


బొమ్మాబొరుసు:

ఎవరూ ముగింపు దాకా రాలేదు. ఈ పుస్తకంలో మొదలూ, నడకా, ముగింపూ పూర్తిగా ఉన్నది టూ-ఫేస్ కథ ఒక్కటే. మొదటిసారి చదివేవాళ్లు బ్యాట్‌మన్‌నీ జోకర్‌నీ వదిలేసి ఈ ఒక్కణ్ణి పట్టుకుని వెళ్లినా దారి తప్పరు.

టూ-ఫేస్‌కి లోకం మొత్తం బొమ్మా బొరుసే. వైద్యులు ఏంచేశారంటే, ఆ నాణెం లాక్కుని ముందు పాచిక ఇచ్చారు: రెండు దారుల బదులు ఆరు. అది అలవాటయ్యాక టారో పేక ఇచ్చారు: 78 ముక్కలు, 78 దారులు. లెక్కప్రకారం మనిషి బాగుపడ్డట్టే, తెలుపు-నలుపు పోయి మధ్య రంగులు వచ్చాయి. జరిగిందేమిటంటే బాత్‌రూమ్‌కి వెళ్లాలా వద్దా అన్నది కూడా 78 ముక్కలు తిప్పితే గానీ తేలదు. అంతలో బట్టలు తడిసిపోతాయి. ఆడమ్స్ దీన్ని వైద్యంలో ముందడుగుగా చెబుతుంది. బ్యాట్‌మన్ ఆ మనిషిని నాశనం చేశారంటాడు. నిక్కచ్చి గారన్న ‘నవ్వుకోసం వాడిన రోగం’ ఇదే అయితే, నాకు మాత్రం ఇక్కడ నవ్వు రాదు. పుస్తకం మొత్తంలో రోగి వైపు నిలబడి మాట్లాడిన పేజీ ఇది.

తొలి భాగంలోనే టూ-ఫేస్ చంద్రుణ్ణి చూసి ఒక మాటంటాడు, గుర్తుపెట్టుకోండి. చంద్రుడు దేవుడు ఎగరేసిన వెండి డాలరట. మచ్చలున్న వైపు పైకి పడిందట, అందుకే దేవుడు ఈ లోకాన్ని చేశాడట. మనకి చందమామలో మచ్చ అంటే కుందేలు. వాడికి అది తీర్పు.

ఇప్పుడు చివరికి రండి. కావెండిష్ గొంతు ఆడమ్స్ చేతిలోనే తెగింది. బ్యాట్‌మన్ గొడ్డలితో తలుపు పగలగొట్టి, మీకు స్వేచ్ఛ వచ్చిందంటే, అది మాకెప్పుడో తెలుసంటాడు జోకర్. తర్వాత బ్యాట్‌మన్ నాణేన్ని టూ-ఫేస్‌కి తిరిగిచ్చి, తన చావుబతుకులు వాడి చేతిలో పెడతాడు. షరతు: మచ్చలేని వైపు పడితే వెళ్లిపోవచ్చు, గీతలు పడ్డ వైపు పడితే ఇక్కడే చావు. టూ-ఫేస్ ఎగరేస్తాడు, చూస్తాడు, వెళ్లనివ్వండంటాడు. జోకర్ బ్యాట్‌మన్‌ని గుమ్మం దాకా సాగనంపుతాడు: బయట మరీ కష్టమైతే ఇక్కడ నీ చోటు నీకుంటుందని.

ఇక్కడ తొందరపడి పుస్తకం మూసేస్తారు. ఇంకా ఉంది. టూ-ఫేస్ ఒక్కడే నిలబడి ఉంటాడు, నాణెం కనిపిస్తుంది. పైకి ఉన్నది గీతలు పడ్డ వైపు. అంటే వాడు అబద్ధమాడాడు. జీవితంలో మొదటిసారి నాణేన్ని కాదని సొంతంగా నిర్ణయించుకున్నాడు. వైద్యులు 78 ముక్కలతో సాధించలేనిది, నాణెం తిరిగివ్వగానే అయింది. అక్కడ వాడి ముందు టారో ముక్కలతో కట్టిన పేకమేడ ఉంటుంది. మీరంతా ఉట్టి పేకముక్కలు అనే అర్థం వచ్చేలా, ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథ చివర ఆలిస్ అన్న మాటే అని మేడ కూల్చేస్తాడు. పుస్తకం మొదట్లోనూ ఆలిస్ కథలోంచే నాలుగు వాక్యాలున్నాయి, పిచ్చివాళ్ల మధ్యకి నేను వెళ్లనంటే పిల్లి చెప్పే జవాబు. ఆ మాటలతో తెరిచి ఈ మాటలతో మూశారు.

కాబట్టి నిక్కచ్చి గారూ, కావెండిష్ ఉపన్యాసం ముగింపు కాదు. అది బొమ్మ. బొరుసు ఇది.


నిక్కచ్చి:

నాణెం గడి మీద నాకెప్పుడూ తగాదా లేదు. ఆ రెండు పేజీలకు మాత్రం దండం. అక్కడ చూడండి, బొమ్మ శుభ్రంగా ఉంటుంది, మాటలు తక్కువ, ఏం జరిగిందో కంటికి ఠక్కున తెలుస్తుంది. మిగతా వంద పేజీలూ అలా ఉంటే నేనెందుకు గొణుగుతాను?


సగంచదివినోడు:

నాణెం పేజీ దాటి వెళ్లిపోయాననుకుంటా, అసలు అక్కడిదాకా రాలేదు లెండి. రెండు చిన్న ప్రశ్నలు. ఏ ప్రతి కొనాలి? ‘స్క్రిప్ట్ ఉన్నది’ కొనమంటున్నారు కొందరు, కామిక్‌కి స్క్రిప్ట్ చదివి ఏం చేస్తాం?


పాతకామిక్స్‌పెట్టె:

కథ మాత్రమే చాలనుకుంటే ఏ ప్రతి అయినా ఒకటే. పేజీ పూర్తి కామిక్ సైజులో ఉందో లేదో మాత్రం చూసుకోండి, చిన్న సైజు ప్రతి ఎంత చవకైనా వద్దు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే అమ్మేవాళ్లని జోకర్ మాట్లాడే పేజీ, బాగా నల్లగా ఉన్న పేజీ ఒకటి ఫొటో తీసి పంపమనండి. చెమ్మ తగిలిన ప్రతుల్లో నున్నటి కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీస్తే నల్లరంగు ఊడి ఎదుటి పేజీకి పడుతుంది. వేరే పుస్తకంలో అది మరక, ఇందులో అది బొమ్మలో భాగమేనేమో అని కూర్చుని ఆలోచిస్తారు.

15వ వార్షికోత్సవ ప్రతి, 25వ వార్షికోత్సవ ప్రతి – ఈ రెంటిలో మారిసన్ పూర్తి స్క్రిప్ట్ ఉంది, పక్కన ఆయనే తర్వాత రాసిన వివరణలతో, వేసుకున్న చిన్న చిత్తుబొమ్మలతో సహా. దాని ఉపయోగం ఏమిటంటే, ఇద్దరూ ఎక్కడ విడిపోయారో కంటికి కనపడుతుంది. స్క్రిప్ట్ మొదట్లో బ్యాట్‌మన్ సహచరుడు రాబిన్ ఉన్నాడు, మెకీన్ వద్దన్నారు, తీసేశారు. స్క్రిప్ట్‌లో మారిసన్ ప్రతి గడికీ ఏ సంకేతం ఎందుకో పేరాలు పేరాలు రాసుకున్నారు. మెకీన్ వాటిలో కొన్ని వేసి, కొన్ని వదిలి, బ్యాట్‌మన్‌ని దాదాపు ఎక్కడా పూర్తిగా చూపించకుండా నీడలా ఉంచేశారు. నిక్కచ్చి గారికి నచ్చనిదీ, నాకు నచ్చినదీ ఆ ఇద్దరి మధ్య ఖాళీలోనే ఉంది. ఒకరు ప్రతిదీ చెప్పాలనుకున్నారు, ఇంకొకరు దాచాలనుకున్నారు.

స్క్రిప్ట్ ముందే తిరగేయొద్దు. బొమ్మల్లో మీకు తోచింది మీకు ఉండనివ్వండి, మూడో చదువు తర్వాతే అటు వెళ్లండి. వెళ్లినా మొత్తం అక్కర్లేదు. మాటకు మాట పరీక్ష, క్రాక్‌తో పోరాటం, చివరి నాణెం – ఈ మూడు చోట్ల ఎడమ పక్క స్క్రిప్ట్, కుడి పక్క బొమ్మల పేజీ పెట్టుకుని పోల్చండి, చాలు.

పేరు సంగతి ఎవరూ చెప్పలేదు: అది ఇంగ్లిష్ కవి ఫిలిప్ లార్కిన్ ‘చర్చ్ గోయింగ్’ కవితలోని పంక్తి. దేవుడి మీద నమ్మకం లేని ఒకాయన ఖాళీ చర్చిలోకి వెళ్లి, అసలు ఇక్కడ ఎందుకు ఆగానా అని ఆలోచించే కవిత. మీరు ఆగిన చోటు అరవై పేజీలు దాటితే, జోకర్ బ్యాట్‌మన్‌తో ఆడించే దాగుడుమూతలు అప్పటికే మొదలై ఉండాలి. అక్కణ్ణుంచి కాకుండా మళ్లీ పెన్సిల్ దగ్గర్నుంచే మొదలుపెట్టండి.